ఆయాసం, ఉబ్బసం, పంపు: అపోహలు – వాస్తవాలు

తాడిపత్రి చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ తిరిగే నర్సును నేను. ఆయాసం ఉన్నవాళ్ల ఇంటికి వెళ్తే బీపీ, సుగర్ కంటే ముందు అడిగేది "పంపు ఏదీ?" అనే. పంపు అంటే నోటితో మందు పీల్చే ఇన్‌హేలర్. చాలా ఇళ్లలో అది బీరువాలోంచి అట్టపెట్టెతో సహా బయటికి వస్తుంది. వెనక ఎంత మందు మిగిలిందో చూపే అంకెల గడి చూస్తే దాదాపు నిండుగానే ఉంటుంది. ఎందుకు వాడలేదంటే ఏ ఊళ్లో అయినా ఒకే జవాబు: "ఒకసారి పట్టుకుంటే ఇంక ఇడవదంట కదా మేడం. అలవాటైపోతాదంట."

ఎవరు చెప్పారమ్మా అంటే, బస్సులో పక్కన కూర్చున్నాయన. ఆ పెద్దమనిషి ఈమె ఛాతీ మీద స్టెత్ పెట్టి చూడలేదు. రాత్రి రెండు గంటలకు ఊపిరి అందక ఈమె మంచం మీద లేచి కూర్చున్నప్పుడు పక్కన ఉండడు. అయినా అతని మాటే నిలుస్తుంది, డాక్టరు రాసిచ్చిన పంపు బీరువాలోకి పోతుంది. ఆయాసం చుట్టూ ఇంకా ఎన్నో పుకార్లు ఉన్నాయి. ప్రాణాల మీదికి తెచ్చేది మాత్రం ఇదే, కాబట్టి ఎక్కువ దీని గురించే చెబుతాను.

అపోహ: పంపు అలవాటైపోతుంది. రోగం ముదిరాక చివర్లో వాడేది అది. అంతవరకు మాత్రలు, సూదులు చాలు.

వాస్తవం: ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ వాచి ఉంటుంది. ఆయాసం లేని రోజున కూడా ఆ వాపు కొంత ఉంటుంది. దుమ్మో, పొగో, జలుబో తగిలితే ఆ గొట్టాలు బిగుసుకుపోతాయి, అప్పుడు పిల్లికూతలు వినబడతాయి. డాక్టర్లు ఇచ్చే పంపుల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి బిగుసుకున్న గొట్టాన్ని అప్పటికప్పుడు వదులు చేసేది, సాల్బుటమాల్. మామూలుగా నీలం రంగులో ఉంటుంది. నిమిషాల్లో పనిచేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది, వాపును మాత్రం ముట్టుకోదు. రెండోది వాపును తగ్గించేది, బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ పంపు. ఇది పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. రోజూ వాడితే కొన్ని వారాల్లో వాపు దిగుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. కొందరికి బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిపిన ఒకే పంపు ఇస్తారు, అది రెండు పనులూ చేస్తుంది.

చిక్కు ఇక్కడే వస్తోంది. రెండో పంపు ఒక నెల వాడతారు, ఆయాసం తగ్గుతుంది. తగ్గింది కదా అని ఆపేస్తారు. వాపు మళ్లీ వస్తుంది, ఆయాసమూ వస్తుంది. "చూశారా, ఆపితే వచ్చింది, అలవాటైపోయింది" అంటారు. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరుగుతుంది, దాన్ని ఎవరూ అలవాటు అనరు. ఇదీ అంతే. జబ్బు ఉంది కాబట్టి మందు కావాలి. నెలల తరబడి ఆయాసం లేకుండా ఉంటే డాక్టరే మోతాదు తగ్గిస్తారు. ఆ తగ్గించడం మన సొంతంగా చేయకూడదు.

నిజంగా భయపడాల్సింది నీలం పంపు ఒక్కదాన్నే నమ్ముకుని నెట్టుకురావడానికి. ప్రపంచమంతా డాక్టర్లు చూసే గినా (ఉబ్బసం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు 2019 నుంచి పెద్దవాళ్లకు, 12 ఏళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వదిలేయొద్దని చెబుతున్నాయి. 200 పఫ్‌ల (ఒక పఫ్ అంటే ఒకసారి నొక్కితే వచ్చే మందు) నీలం పంపు ఏడాదికి మూడు, అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంటే గట్టి ఆయాసం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నెలకొకటి అయిపోతుంటే ప్రాణాపాయమే పెరుగుతుంది. వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ నీలం పంపు కావాల్సి వస్తున్నా, ఆయాసంతో రాత్రి మెలకువ వస్తున్నా మీ ఉబ్బసం అదుపులో లేదని అర్థం.

ఇక మాత్రలు, సూదుల సంగతి. పంపు "పవర్ ఎక్కువ", మాత్ర "తేలిక" అనుకుంటారు. లెక్క చూడండి. సాల్బుటమాల్ పంపు ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. 4 మిల్లీగ్రాముల మాత్రలో 4,000 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్ర మింగితే 40 పఫ్‌ల మందు కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, కొంచెం ఊపిరితిత్తులకు చేరుతుంది. చేతులు వణకడం, గుండె దడ అందుకే. స్టెరాయిడ్ పంపు ఒక పఫ్‌లో 100 నుంచి 200 మైక్రోగ్రాములు ఉంటే, ఆర్ఎంపీ దగ్గర వేయించుకునే 2 మిల్లీలీటర్ల డెక్సా అనే స్టెరాయిడ్ సూదిలో 8 మిల్లీగ్రాములు, అంటే 8,000 మైక్రోగ్రాములు ఉంటాయి. మందులు వేరు కాబట్టి అంకెకు అంకె పోల్చలేం. అయినా పంపులో స్టెరాయిడ్ ఉందని భయపడి వద్దన్నవాళ్లే అంతకంటే గట్టి స్టెరాయిడ్‌ను నరంలోకి ఎక్కించుకుంటున్నారు. ఇది చూస్తూ ఉండలేకే రాస్తున్నాను.

నేను చూసే ఊళ్లలో ఒక అక్క ఉంది. చెనక్కాయల కాలం వచ్చిందంటే చెనక్కాయ కట్టె కొట్టేచోట దుమ్ము, ఇంట్లో కాయలు వలిచేచోట దుమ్ము. ఏటా ఆ కాలమంతా సూదులతోనే నడిపేది. సూది పడగానే హాయిగా ఉండేది, అందుకే దాని మీద అంత నమ్మకం. ముఖం ఉబ్బింది, ఒళ్లొచ్చిందని సంతోషపడ్డారు ఇంట్లోవాళ్లు. అది ఆ సూదుల్లోని స్టెరాయిడ్ పని. తర్వాత సుగర్ కూడా బయటపడింది. అనంతపురం పెద్దాసుపత్రిలో చూపించుకుంటే పంపు రాశారు, అదీ బీరువాకే చేరింది. ఆమెతో వాదించి లాభం లేదని అర్థమై, పోయినప్పుడల్లా నా ముందే పీల్చమని అడిగేదాన్ని. ఇప్పుడు పొద్దున, రాత్రి తనంతట తనే పీల్చి నోరు పుక్కిలిస్తుంది. పోయిన చెనక్కాయల కాలంలో సూదికి పోలేదు. "పిల్లోళ్లు కూడా నిద్రపోతున్నారు మేడం, నా దగ్గు లేక" అంది. ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి.

ఒక హెచ్చరిక. చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కరోజులో ఆపేయకండి, అది ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

"పంపు వాడాం, పనిచేయలేదు" అనేవాళ్ల చేతికి పంపు ఇచ్చి చూస్తే సగం మందు నాలుక మీదే పడుతుంటుంది. స్ప్రే పంపు అయితే బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నొక్కుతూ నిదానంగా లోతుగా పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగాలి. క్యాప్సూల్ వేసి పీల్చే రోటాహేలర్ అయితే దీనికి పూర్తిగా వేరు, ఒక్కసారిగా బలంగా లాగాలి. రెండు రకాలూ ఒకేలా పీలుస్తారు, అక్కడే తప్పు జరుగుతోంది. స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

పిల్లలకు, ముసలివాళ్లకు స్పేసర్ (పంపుకు, నోటికి మధ్య పెట్టే డొల్ల గొట్టం) తప్పనిసరి. కొనే స్తోమత లేకపోతే అర లీటరు నీళ్ల బాటిల్ అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా టేపు వేయండి. బాటిల్ మూతి బిడ్డ నోట్లో పెట్టి, ఒక పఫ్ కొట్టి ఐదారుసార్లు ఊపిరి తీయనివ్వండి. దక్షిణాఫ్రికా డాక్టర్లు ఉబ్బసం పిల్లల మీద పరీక్షించి చూసిన పద్ధతి ఇది. సబ్బు నీళ్లతో కడిగి, తుడవకుండా ఆరబెట్టుకోవాలి. తెలియకపోతే మీ ఊరి హెల్త్ క్లినిక్‌లో సిస్టర్‌ను అడగండి, చేసిస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఉబ్బసం అంటువ్యాధి కాదు, కంచాలు వేరు చేయక్కర్లేదు. అరటిపండు, పెరుగు అందరికీ పడనివి కావు. మీకు పడదని మీరే గమనించినది మానేయండి, పిల్లల నోరు కట్టేయకండి. పిల్లలు ఆడుకోవచ్చు. గర్భిణులు పంపు ఆపకూడదు, తల్లికి ఊపిరి ఆడకపోతే బిడ్డకు ఆక్సిజన్ తగ్గుతుంది. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు పొద్దున, రాత్రి వాడే పంపును సహరికి, ఇఫ్తార్‌కు మార్చుకోవచ్చు. ఆయాసం వస్తే మాత్రం నీలం పంపు అప్పుడే వాడాలి. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ వెళ్లి చేపమందు మింగితే ఉబ్బసం నయమవుతుందని రుజువు లేదు. నమ్మి వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను, ఎన్నో రాత్రులు కూర్చుని తెల్లవార్చినవాళ్లు దేన్నైనా నమ్ముతారు. చేపమందు తిన్నామని పంపు మాత్రం ఆపకండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కొనేముందు ఉబ్బసం ఉందని షాపులో చెప్పండి, కొందరికి వాటితో ఆయాసం పెరుగుతుంది.

మా వైపు ఇంకో పెద్ద పొరపాటు, ప్రతి ఆయాసాన్నీ ఉబ్బసం అనుకోవడం. గ్రానైట్ కోసేచోట, పాలిష్ పట్టేచోట ఏళ్లు పనిచేసిన ఒకాయన ఉబ్బసమనే సూదులు వేయించుకుంటూ వచ్చాడు. ఎక్స్‌రేలో సిలికోసిస్ అని తేలింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేసిన మచ్చలు పోవు, పైగా టీబీ వచ్చే అవకాశం పెరుగుతుంది. పని వల్ల వచ్చే జబ్బులుగా చట్టం గుర్తించిన జాబితాలో సిలికోసిస్ ఉంది, కాబట్టి ఏ యూనిట్లో ఎన్నేళ్లు పనిచేశారో డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోండి. కట్టెల పొయ్యి ముందు జీవితమంతా గడిపిన అవ్వలకు, బీడీలు తాగిన తాతలకు నలభై దాటాక మెల్లగా పెరిగే ఆయాసం సీవోపీడీ (ఏళ్ల తరబడి పొగ పీల్చి ఊపిరి గొట్టాలు పాడై ఇరుకయ్యే జబ్బు) కావొచ్చు, ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్షలో తెలుస్తుంది. దగ్గు రెండు వారాలు దాటితే ముందు టీబీ ఉందేమో చూసే కళ్లె పరీక్ష, అది ఉచితం.

ఇంట్లో అందరికీ తెలియాల్సినది ఇంకొకటి ఉంది. మాట పూర్తి చేయలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజడం, పెదాలు నీలంగా మారడం, గట్టిగా వస్తున్న పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే ఆగిపోవడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. నీలం పంపు స్పేసర్‌తో అర నిమిషానికో, నిమిషానికో ఒక పఫ్ చొప్పున పది వరకు ఇవ్వొచ్చు. పది నిమిషాల్లో బండి రాకపోతే మళ్లీ ఇవ్వండి. బండి ఎక్కేటప్పుడు వాడుతున్న పంపులు, మందుల చీటీ కూడా చేతపట్టుకుని వెళ్లండి.