మసక గెలాక్సీల వేట: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫొటోల్లో ఉన్నట్టే టెలిస్కోప్‌లోనూ రంగురంగుల సుడులు కనిపిస్తాయి.

వాస్తవం: కనిపించవు. ఎనిమిది అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్‌లో (చేత్తో పక్కలకూ, పైకీ కిందికీ తిప్పే టెలిస్కోప్) చాలా గెలాక్సీలు బూడిద రంగు మరకలే. సూటిగా చూస్తే మాయమవుతాయి, చూపు కాస్త పక్కకు జరిపితే తేలతాయి. మసక వెలుగును పట్టే కణాలు రెటీనా నట్టనడుమ ఉండవు మరి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది. ఈలోగా పక్కవాళ్లు వాట్సాప్ తెరిచారా, మళ్లీ మొదటికే!

అపోహ: మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) అంకె ఎంత తక్కువైతే అంత తేలిగ్గా దొరుకుతుంది.

వాస్తవం: ఆ అంకె చెప్పేది మొత్తం వెలుగు ఎంతో మాత్రమే, అది ఎంత మేర పరుచుకుందో కాదు. ఎం33 గెలాక్సీ (ఎం అంటే మెసియర్ జాబితాలోని నంబరు) అంకె 5.7. అయినా వెలుగు పలచగా పరుచుకోవడంతో ఊరి శివార్లలో అది ఏడిపిస్తుంది. 8 దాటిన ఎం32 చిన్నది, నడుమ చిక్కనిది కాబట్టి ముందు కంటపడుతుంది.

అపోహ: పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచ్ ఖగోళవేత్త మెసియర్ జాబితాలోవన్నీ మెసియర్ కనిపెట్టినవే.

వాస్తవం: ఎం101ని 1781లో చూసింది ఆయన తోటి ఖగోళవేత్త మెషాన్. ఆండ్రోమెడా గెలాక్సీని పర్షియన్ ఖగోళవేత్త అల్-సూఫీ 964లోనే చిన్న మబ్బుగా రాసిపెట్టాడు. ఖగోళవేత్త డ్రేయర్ 1888లో ప్రచురించిన ఎన్‌జీసీ అనే పెద్ద జాబితా కూడా కూర్పే, అందులో ఎక్కువ భాగం ఖగోళవేత్తలైన హెర్షెల్ కుటుంబం కష్టం.

అపోహ: పాత జాబితా చెప్పిన చోట ఏమీ లేకపోతే, అసలు అలాంటిది లేనట్టే.

వాస్తవం: నాకు బాగా ఇష్టమైన కేసు ఎం91. 1781 మార్చి 18న మెసియర్ నమోదు చేసిన చోట తర్వాతివాళ్లకు ఏ గెలాక్సీ దొరకలేదు. అది తోకచుక్కేమోనని కూడా అనుకున్నారు. 1969లో టెక్సస్‌కు చెందిన ఔత్సాహికుడు విలియమ్స్ చిక్కు విప్పాడు. మెసియర్ దూరాన్ని కొలిచింది ఎం89 నుంచి, లెక్క కట్టింది మాత్రం ఎం58 నుంచి అనుకుని! వాటి మధ్య ఒక డిగ్రీ కూడా లేదు. అదే దూరాన్ని ఎం89 నుంచి వేస్తే, విలియం హెర్షెల్ 1784లో చూసిన ఎన్‌జీసీ 4548 దగ్గర తేలింది, ఎం91 అదే.

ఎన్‌జీసీలోని స్థానాలైతే 1860 నాటివి. వాటిని 2000 నాటి మ్యాప్ మీద యథాతథంగా పెడితే, అయనాంశ చలనం (భూమి అక్షం దిశ నెమ్మదిగా మారడం) వల్లే దాదాపు రెండు డిగ్రీలు తప్పిపోతాం. సంవత్సరం సరిచూడకుండా "అక్కడ లేదు" అని డైరీలో రాయకండి.

ఎం91 చూడాలంటే ఉగాది రోజులు భేష్. ముందురోజు అమావాస్యే కాబట్టి వెన్నెల బెడద ఉండదు. హైదరాబాద్ నుంచి అర్ధరాత్రికి అది దాదాపు నడినెత్తికి వస్తుంది, అప్పుడు డాబ్సోనియన్ తిప్పడం నరకం. ఓ గంటన్నర ఆగండి, పడమటికి వాలాక సుఖంగా చూడొచ్చు.