చిన్న ఇంజన్, టర్బో, మైలేజీ: షెడ్డులో రోజూ వినే అపోహలు

"మూడు సిలిండర్లు, వెయ్యి సీసీ. ఐదుగురం ఎక్కితే ఘాట్ రోడ్డులో లాగుతుందా?"

లాగుతుంది. హ్యుందాయ్ వెన్యూనే తీసుకోండి. 1197 సీసీ మామూలు పెట్రోల్ ఇంజన్‌కి 83 పీఎస్ పవర్, 998 సీసీ టర్బోకి 120. అసలు తేడా టార్క్‌లో, అంటే చక్రాన్ని తిప్పే బలంలో ఉంది (దాన్ని ఎన్ఎంలలో కొలుస్తారు). మామూలుదానికి 114 ఎన్ఎం రావాలంటే 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా తిప్పాలి. టర్బోకి 1500 దగ్గరే 172 ఎన్ఎం అందుతుంది. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగే టర్బైన్‌ని తిప్పి, గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. గాలి పెరిగితే మండే పెట్రోలూ పెరుగుతుంది. ఈ టర్బోలో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, అది ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. అందుకే అంత ఒత్తిడిలోనూ నాకింగ్ (పెట్రోలు వేళకి ముందే తనంతట తానే అంటుకుని ఇంజన్ టకటకమనడం) అదుపులో ఉంటుంది.

"టర్బో అయితే మైలేజీ గ్యారంటీ కదా?"

సగమే నిజం. నిదానంగా వెళ్తున్నప్పుడు చిన్న ఇంజన్‌లో రాపిడి తక్కువ, గాలి పీల్చుకోడానికి పడే శ్రమా తక్కువ. ఆదా అంతా అక్కడే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారా, టర్బో నొక్కి పంపే గాలితో (బూస్ట్) పాటే పెట్రోలూ పోతుంది. సిటీలోనే తిరుగుతూ మైలేజీయే కావాలనేవాళ్లని నేను స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు, కొంతదూరం ఒంటరిగా నడపగల కరెంటు మోటారు ఉన్న బండి) చూడమంటాను. ధర వింటే కళ్లు తిరుగుతాయి, అది వేరే సంగతి.

"ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే ఇంజన్‌కి అంత మంచిది."

ఎక్కువ నష్టం దీనివల్లే. ఇప్పటి చాలా ఇంజన్లలో వాల్వ్ టైమింగ్‌ని, అంటే వాల్వులు తెరుచుకుని మూసుకునే వేళని మార్చేది ఆయిల్ ప్రెషరే. ఆ ఆయిల్‌ని వదిలే కంట్రోల్ వాల్వ్‌కి చాలా ఇంజన్లలో గోరంత వడపోత జాలీ ఉంటుంది. వేళకి మార్చక ఆయిల్ చిక్కబడిపోయిన బండిలో ఆ జాలీ విప్పితే నల్లటి జిడ్డు పట్టి, కన్నాలే కనిపించవు. పికప్ పోయిందని వచ్చిన బండికి ముందు అదే చూస్తాను. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 (పలచటి ఆయిల్ గ్రేడు) అని ఉంటే అదే పోయించండి. పాత అలవాటుకొద్దీ చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున్నే చల్లటి ఇంజన్‌లో అది పైభాగానికి చేరడానికే ఆలస్యమవుతుంది.

"పొద్దున్నే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచాలి."

కార్బ్యురేటర్ రోజుల మాట. అర నిమిషం చాలు, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి. టర్బో బండి అయితే, హైవే మీద వేగంగా వచ్చి ఆగినప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆఫ్ చేయండి. టర్బో బేరింగులు అప్పటికింకా కాలుతూనే ఉంటాయి, ఆయిల్ తిరుగుతుంటేనే చల్లబడతాయి.