ఫిన్లాండ్ ఐస్ హాకీ ఆటగాడి వృత్తి జీవితం: ఒక ఫిజియోథెరపిస్టు చూసిన అపోహలు – వాస్తవాలు

పదేళ్లకు పైగా ఫిన్లాండ్‌లో క్రీడా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పదిహేనేళ్లు దాటి, ఇరవై ఇంకా నిండని ఐస్ హాకీ ఆటగాళ్లే. సెలవులకు ఊరు వెళ్లినప్పుడల్లా మా మేనమామ "ఇంకా ఆ మంచు హాకీ వాళ్ల కాళ్లే పడుతున్నావా?" అని నవ్వుతారు, ఆ మాటలో ఎకసెక్కం ఉన్నా అబద్ధం లేదు. అయితే ఈ ఆటనే నమ్ముకున్నవారి జీవితం గురించి మన బంధువులూ, ఇక్కడ స్థిరపడి పిల్లలను స్కేటింగుకు పంపుతున్న తెలుగు కుటుంబాలూ, కొన్నిసార్లు ఫిన్లాండ్ తల్లిదండ్రులూ కూడా ఒకే రకం అపోహలతో మాట్లాడుతుంటారు. వాటిని ఫిన్లాండ్ ఐస్ హాకీ ఆటగాడు తేము సెలన్నె వృత్తి జీవితాన్ని ఎదురుగా పెట్టుకుని పరిశీలిస్తాను. ఆయనకు నేనెన్నడూ చికిత్స చేయలేదు. అందరికీ తెలిసిన, నమోదైన వివరాలనే నా పని అనుభవంతో చదివి చెబుతున్నాను.

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానమూ ధ్యాన్‌చందూ గుర్తుకు వస్తారు కనుక ముందుగా ఒక్క మాట. ఫిన్నిష్ భాషలో ఈ ఆట పేరు యాకియెక్కో. 'యా' అంటే మంచుగడ్డ, 'కియెక్కో' అంటే బిళ్ల. ఇందులో బంతి ఉండదు. 156 నుంచి 170 గ్రాముల బరువుండే గట్టి రబ్బరు బిళ్ల, అంటే పక్, ఉంటుంది. గోల్‌కీపరుతో కలిపి ఒక్కో జట్టు నుంచి ఆరుగురు మంచు మీద ఉంటారు, ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది.

అపోహ: చలిదేశం కాబట్టి అక్కడి పిల్లలకు ఈ ఆట పుట్టుకతోనే అబ్బుతుంది.

వాస్తవం: ఫిన్లాండ్‌లో మంచు ఎప్పుడూ ఉంది, పతకాలు మాత్రం ఎప్పుడూ లేవు. దేశంలో తొలి ఇండోర్ ఐస్ హాలు, తంపెరె నగరంలోని హకమెత్స, 1965 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం కట్టినది. ఒలింపిక్స్‌లో తొలి పతకం 1988లో కాల్గరీలో దక్కిన రజతం. ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలిసారి గెలిచింది 1995లో. ఒలింపిక్ స్వర్ణం కోసమైతే 2022 బీజింగ్ క్రీడల దాకా ఆగవలసి వచ్చింది. గడ్డకట్టిన చెరువు మీద పిల్లవాడు జారడం నేర్చుకోగలడు గానీ, వేసవి చివర నుంచే క్రమం తప్పకుండా సాగే సాధన, వయసును బట్టి మారే శిక్షణ, చదువుకున్న కోచ్‌లు లేకుండా వృత్తి ఆటగాడు కాలేడు. హైదరాబాద్ మహానగర జనాభా కంటే తక్కువ మంది ఉన్న ఒక దేశం ఇంతమంది ఆటగాళ్లను తయారు చేయడానికి కారణం వాతావరణం కాదు, హాళ్లూ శిక్షణ వ్యవస్థా. ఫిన్లాండ్ గురించి రాసేవారందరూ 'సిసు' అనే మాటను, అంటే మొండి పట్టుదలను, ప్రతిదానికీ కారణంగా చూపడం నాకు కొంచెం విసుగు పుట్టిస్తుంది. పట్టుదల లేని ఆటగాడిని నేను ఏ దేశంలోనూ చూడలేదు.

అపోహ: ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పేరు వస్తే జీవితం స్థిరపడినట్లే, రాకపోతే ముగిసినట్లే.

వాస్తవం: నా గదిలో అత్యధికంగా కన్నీళ్లు పెట్టించే అపోహ ఇదే కనుక దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) జట్లు ఏటా యువ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతినే డ్రాఫ్ట్ అంటారు. అలా ఎంపికైతే ఆ ఆటగాడితో ఒప్పందం చేసుకునే హక్కు ఆ జట్టుకు వస్తుంది, అంతే. ఉద్యోగం రాదు, జీతమూ రాదు.

సెలన్నె 1970 జులై 3న హెల్సింకిలో పుట్టారు. 1988 డ్రాఫ్ట్‌లో విన్నిపెగ్ జెట్స్ ఆయనను పదో స్థానంలో ఎంచుకుంది. ఆ జట్టు తరఫున ఆయన తొలి మ్యాచ్ ఆడింది మాత్రం 1992 అక్టోబరులో. మధ్యలోని నాలుగేళ్లూ ఆయన స్వదేశంలోనే ఉన్నారు. ఆయన ఆడుతున్న యోకెరిత్ జట్టు డ్రాఫ్ట్ నాటికి దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో లేదు; 1989లో పై స్థాయికి చేరింది. ఆ శరదృతువులోనే ఆయన కాలు విరిగి, ఆ సీజన్‌లో పదకొండు మ్యాచ్‌లతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఫిన్లాండ్‌లో పురుషులకు తప్పనిసరి అయిన సైనిక శిక్షణ పూర్తి చేశారు, కొంతకాలం కిండర్‌గార్టెన్‌లో పసిపిల్లలకు బోధించారు. 1991–92 సీజన్‌లో 44 మ్యాచ్‌లలో 39 గోల్స్ కొట్టి యోకెరిత్‌ను జాతీయ ఛాంపియన్‌గా నిలిపిన తరువాతే విమానం ఎక్కారు.

ఆ మరుసటి సీజన్‌లో జరిగినది ఆట చరిత్రలో నిలిచిపోయింది. కొత్త ఆటగాడిగా 84 మ్యాచ్‌లలో 76 గోల్స్, మొత్తం 132 పాయింట్లు సాధించారు. అంతకుముందు కొత్త ఆటగాళ్లలో గోల్స్ రికార్డు మైక్ బాసీ పేరిట 53గా, పాయింట్ల రికార్డు పీటర్ స్టాస్ట్నీ పేరిట 109గా ఉండేవి. ఎన్‌హెచ్‌ఎల్ లెక్కలో గోల్ కొట్టినా, గోల్‌కు నేరుగా తోడ్పడినా ఒక పాయింటు వస్తుందన్నది తెలిస్తే ఆ అంకెల బరువు అర్థమవుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికీ ఇరవై రెండేళ్ల యువకుడికీ మధ్య తొడల్లో, తుంటి చుట్టూ, వెన్ను అడుగు భాగంలో పెరిగే బలాన్ని రోజూ కొలిచే నాకు ఆ నాలుగేళ్లు వృథా అయ్యాయని ఎవరైనా అంటే ఒప్పుకోబుద్ధి కాదు.

డ్రాఫ్ట్ జాబితా అట్టడుగున ఉన్నవారి సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. కువోపియోలో పుట్టిన డిఫెన్స్ ఆటగాడు కిమ్మో తిమొనెన్ 1993లో 250వ స్థానంలో ఎంపికయ్యారు, ఐదేళ్లు స్వదేశంలో ఆడి 1998లో వెళ్లారు, ఎన్‌హెచ్‌ఎల్‌లో 1,108 మ్యాచ్‌లు ఆడారు. గోల్‌కీపర్ పెక్కా రిన్నె 2004లో 258వ స్థానంలో ఎంపికై, 2018లో ఉత్తమ గోల్‌కీపరుకిచ్చే వెజీనా ట్రోఫీ అందుకున్నారు. ఇప్పుడు డ్రాఫ్ట్ ఏడు రౌండ్లకే పరిమితం; 32 జట్లకు కలిపి 224 మంది. అంటే నేటి నిబంధనల ప్రకారం ఈ ఇద్దరి పేర్లూ ఎవరూ పిలిచి ఉండేవారు కారు. తిమొనెన్ భారీ మనిషి కూడా కాదు కనుక, ఈ ఆటకు ఆరడుగులు దాటిన దేహం తప్పనిసరి అనే మరో అపోహకు విడిగా సమాధానం రాయడం లేదు.

అపోహ: గంటసేపు ఆడే ఆట కాబట్టి దమ్ము పెంచుకుంటే చాలు.

వాస్తవం: ఏ ఆటగాడూ గంటసేపు ఆడడు. ముప్పావు నిమిషం అటూ ఇటూగా పూర్తి వేగంతో ఆడి బెంచీకి తిరిగి వస్తాడు, రెండు మూడు నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్లీ దిగుతాడు. దీన్నే షిఫ్ట్ అంటారు. పరుగులో కాలు ముందుకూ వెనక్కూ కదులుతుంది. స్కేటింగులో పక్కకు తన్నుతుంది. అలా పక్కకు పోయిన కాలిని ఆపి వెనక్కి లాక్కురావలసినవి గజ్జల దగ్గరి కండరాలు. అందుకే ఈ ఆటలో గజ్జల నొప్పి అంత సాధారణం. కాలిని లోపలికి లాగే కండరాల బలం, బయటికి నెట్టే కండరాల బలంలో 80 శాతం కంటే తక్కువగా ఉన్న ఆటగాళ్లకు ఆ కండరాలు దెబ్బతినే ముప్పు చాలా ఎక్కువని ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ల మీద జరిపిన పరిశీలనలోనే తేలింది. నా దగ్గరకు వచ్చే పిల్లలు కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తామని గర్వంగా చెబుతారు. నేను కొలిచేది మాత్రం ఆ 80 శాతాన్ని.

అపోహ: పెద్ద గాయమైతే ఆట అయిపోయినట్లే.

వాస్తవం: 1989లో కాలు విరిగిన సెలన్నెకు 1994 జనవరిలో ప్రత్యర్థి స్కేటు అంచు తగిలి మడమ వెనక పిక్క కండరాన్ని ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ తెగింది. ఆ సీజన్ 51 మ్యాచ్‌లతో ముగిసింది. తెగిన టెండన్‌ను సర్జన్ ఒక పూటలో కలిపి కుట్టగలరు గానీ, ఆ కుట్టు మీద మనిషి బరువును, ఆ తరువాత వేగాన్ని, చివరగా మడమ ఎత్తి ఒక్కసారిగా తన్నే బలాన్ని మోపడానికి నెలలు పడుతుంది; తొందరపడితే మళ్లీ తెగుతుంది. ఆయన 1996 ఫిబ్రవరిలో అనహైమ్ జట్టుకు మారారు, 1996–97లో 51, ఆ మరుసటి ఏడాది 52 గోల్స్ కొట్టారు.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. మోకాలి బాధతో 2003–04లో కొలరాడో జట్టు తరఫున 78 మ్యాచ్‌లలో 16 గోల్సే చేయగలిగారు. వయసు ముప్పై మూడు; ఆయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. జట్ల యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ కుదరక 2004–05 సీజన్ మొత్తం రద్దయింది. ఆట అభిమానులకు అది శాపమే గానీ, మోకాలికి శస్త్రచికిత్స చేయించుకున్న ఆటగాడికి ఏ కోచ్ ఒత్తిడీ లేని ఒక పూర్తి సంవత్సరం దొరికింది. అనహైమ్‌కు తిరిగి వచ్చి 2005–06లో 40 గోల్స్, 90 పాయింట్లు సాధించి, పట్టుదలకు గుర్తింపుగా ఇచ్చే మాస్టర్టన్ ట్రోఫీ పొందారు. 2006–07లో 48 గోల్స్ చేసి, ఆ జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ విజేత జట్టుకిచ్చే స్టాన్లీ కప్‌ను తొలిసారి చేతుల్లోకి ఎత్తుకున్నారు.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: మనసు గట్టిదైతే ఏ దెబ్బ నుంచైనా తిరిగి రావచ్చునని. దీన్ని నేను మరింత ప్రమాదకరంగా భావిస్తాను. మరో ఫిన్లాండ్ ఆటగాడు సాకు కొయివు 2001 సెప్టెంబరులో క్యాన్సరు బయటపడిన తరువాత 2002 ఏప్రిల్‌లోనే మాంట్రియల్ మంచు మీదకు తిరిగి వచ్చారు; అది ధైర్యమే, కానీ సకాలంలో పట్టుబడిన వ్యాధి, లొంగిన చికిత్స లేకపోతే ధైర్యం ఏమీ చేయలేదు. తిమొనెన్‌కు 2014 ఆగస్టులో కాలి పిక్కలోనూ ఊపిరితిత్తుల్లోనూ రక్తం గడ్డలు కనిపించాయి. రక్తం పలచబరిచే మందులు వాడుతూ దేహాలు ఢీకొనే ఆట ఆడకూడదు. నెలల తరువాత వైద్యులు అనుమతించాకే షికాగో తరఫున దిగి, 2015 జూన్‌లో నలభై ఏళ్ల వయసులో స్టాన్లీ కప్ గెలిచి, అక్కడితో ఆట మానేశారు. జట్టు కెప్టెన్ కప్పును మొదట ఆయన చేతికే అందించారు.

అపోహ: ముప్పై అయిదు దాటితే ఆడలేరు.

వాస్తవం: చాలామంది ఆడలేరన్నది నిజమే, ఇక్కడి పేర్లన్నీ అరుదైనవారివి. అయినా సెలన్నె నలభయ్యో ఏట, 2010–11లో, 80 పాయింట్లు చేశారు; 2014 సోచి ఒలింపిక్స్‌లో నలభై మూడేళ్ల వయసులో కాంస్యంతో పాటు టోర్నమెంటు అత్యుత్తమ ఆటగాడి గౌరవం పొందారు. ఆయనకు అది ఆరో ఒలింపిక్స్. ఒలింపిక్ హాకీ పతకం గెలిచిన అతి పెద్ద వయస్కుడన్న ఆ గుర్తింపును నాలుగేళ్లకే మరో ఫిన్లాండ్ క్రీడాకారిణి, నలభై నాలుగేళ్ల రీకా సల్లినెన్, తీసుకున్నారు. ఆమె 2003లో ఆట వదిలి, పదేళ్ల తరువాత తిరిగి వచ్చినవారు. ఆమె గురించి మన దగ్గరే కాదు, ఇక్కడ కూడా మాట్లాడవలసినంత మాట్లాడరు.

అపోహ: స్కేటు కోతలు అరుదు కాబట్టి రక్షణ మేజోళ్లు, మెడ పట్టీ అనవసరం.

వాస్తవం: అరుదే, కానీ సెలన్నె టెండన్ తెగింది అలాంటి కోతతోనే. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్‌లో మెడకు స్కేటు తగిలి ఆడమ్ జాన్సన్ అనే అమెరికన్ ఆటగాడు మరణించిన తరువాత, అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నిటిలో మెడ రక్షణను తప్పనిసరి చేసింది. కోతను తట్టుకునే నూలుతో నేసిన మేజోళ్లు కూడా ఇప్పుడు దుకాణాల్లో సులువుగా దొరుకుతున్నాయి. నా దగ్గరకు కొత్తగా ఎవరైనా పిల్లవాడు వస్తే, మోకాలు చూడటానికి ముందు అతని కిట్ సంచి తెరిపించి మేజోళ్లు చూస్తాను.