మజ్జలో దాగిన క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ఎముక మజ్జలోకి త్వరగా పాకుతుంది. మా దగ్గర మజ్జ తీసేదీ, మైక్రోస్కోపులో చూసేదీ నేనే. పరీక్ష గదిలో నేను తరచూ వినే మాటలివి.

అపోహ: వెన్నులోంచి నీరు తీస్తారు, కాళ్లు పడిపోతాయి.

వాస్తవం: సూది వేసేది తుంటి ఎముక వెనక భాగంలో. అక్కడ వెన్నుపాము ఉండదు. పిల్లలకు మత్తు ఇచ్చే చేస్తాం. పెద్దవాళ్లకు మాత్రం మజ్జ లాగేటప్పుడు కొన్ని సెకన్లు గట్టిగానే నొప్పి పుడుతుంది. ఆ మాట ముందే చెప్పేస్తాను.

అపోహ: రక్తపరీక్ష బాగుంటే మజ్జ కూడా బాగున్నట్టే.

వాస్తవం: కాదు. కొంత మజ్జను క్యాన్సర్ ఆక్రమించినా, మిగతాది రక్తం తయారు చేస్తూనే ఉంటుంది.

అపోహ: ఒక పక్క తీస్తే చాలదా? పసివాణ్ని రెండు చోట్లా గుచ్చాలా?

వాస్తవం: గుచ్చాలి. క్యాన్సర్ మజ్జంతా ఒకేలా పరుచుకోదు, అక్కడక్కడా గూడు కడుతుంది. అందుకే రెండు పక్కల నుంచీ మజ్జ ద్రవాన్నీ, చిన్న ఎముక ముక్కనూ తీస్తాం. మామూలు మజ్జ కణాలు స్లైడు మీద చల్లిన ఆవాల్లా విడివిడిగా ఉంటాయి. క్యాన్సర్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టి, ఎక్కువగా అంచుల్లో చేరతాయి. మూడేళ్ల బాబు ఒకడికి ఎడమ పక్క స్లైడ్లన్నీ శుభ్రం. కుడి పక్క చివరి స్లైడు అంచున ఒకే ఒక్క ముద్ద, పట్టుమని పది కణాలు. ఆ పక్క ఎముక ముక్కకు సినాప్టోఫిసిన్ పరీక్ష (ఈ క్యాన్సర్ కణాలకు గోధుమరంగు పట్టించే పరీక్ష) చేస్తే అక్కడా ఓ చిన్న గుంపు గోధుమరంగు తేలింది. రెండో పక్క వద్దని ఇంట్లోవాళ్లు పట్టుబట్టి ఉంటే ఆ బిడ్డకు అందాల్సినంత వైద్యం అందేది కాదు.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: ఆ కణాలు రక్తం ద్వారా ముందే అక్కడికి చేరాయి. సూది వాటిని కనిపెడుతుందంతే.

అపోహ: మజ్జలో కణాలు కనబడితే ఇక ఆశ లేదు.

వాస్తవం: ఈ టెన్షన్‌తోనే కొందరు వైద్యం మానేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. రొమ్ము క్యాన్సర్‌లో డాక్టరు ఒంటిని పరీక్షించినప్పుడూ స్కాన్‌లోనూ వ్యాప్తి లేకుండా మజ్జలో మాత్రం కొద్ది కణాలు దొరికితే, దాన్ని నాలుగో స్టేజ్‌గా లెక్కించరు. న్యూరోబ్లాస్టోమాలో వయసు చాలా ముఖ్యం. ఏడాదిన్నర లోపు పాపకు వ్యాధి చర్మం, కాలేయం, మజ్జకే పరిమితమై, మజ్జ కణాల్లో క్యాన్సర్‌వి పది శాతం లోపు ఉండి, ప్రమాదకరమైన జన్యు మార్పు లేకపోతే, కొన్నిసార్లు దానంతటదే తగ్గిపోతుంది కూడా. అందుకే రిపోర్టులో "ఉంది" అని రాసి ఊరుకోను, ఎంత శాతమో లెక్కపెట్టి రాస్తాను.