నడిచి బడికెళ్తే తెలివి పెరుగుతుందా? ఒక డ్రిల్ మేడమ్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పిల్లల మాటల్లో చెప్పాలంటే డ్రిల్ మేడమ్‌ని. జూన్‌లో బడి తెరవగానే అమ్మానాన్నలు నా దగ్గరికి వచ్చేది ఆటల గురించి అడగడానికి కాదు, సైకిల్ గురించి. "అంత దూరం తొక్కుకుంటూ వస్తే క్లాసులో కునికిపాట్లు పడడా మేడమ్?" అని కొందరు. "రోజూ సైకిల్ తొక్కితే ఐక్యూ పెరుగుతుందట కదా, వాట్సాప్‌లో వచ్చింది" అని ఇంకొందరు. వాళ్ళకు అక్కడికక్కడ చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నడిచో, సైకిల్ మీదో బడికెళ్తే తెలివి పెరుగుతుందని సైన్స్ తేల్చేసింది

తేల్చలేదు. ఈ ప్రచారానికి మూలాల్లో ఒకటి స్పెయిన్‌లో జరిగిన 'అవెనా' అధ్యయనం. గ్రనడా, మాడ్రిడ్, ముర్సియా, సాంతాందేర్, సారగోసా నగరాల్లో 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు 1,700 మందిని తీసుకున్నారు. భాషలో, అంకెల్లో, తర్కంలో పరీక్ష పెట్టారు. బడికి ఎలా వస్తున్నావు, ఎంతసేపు పడుతుంది అని అడిగారు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. నడిచి గానీ సైకిల్ మీద గానీ వచ్చే అమ్మాయిలు ఆ పరీక్షలో ముందున్నారు. వాళ్ళలోనూ దారిలో 15 నిమిషాలకు మించి గడిపేవాళ్ళు ఇంకాస్త ముందున్నారు. అబ్బాయిల్లో మాత్రం ఏ తేడా కనపడలేదు. వాట్సాప్ మెసేజ్‌లో ఈ చివరి వాక్యం ఎప్పుడూ ఉండదు.

పైగా అది ఒక్కసారి చూసి లెక్కగట్టిన అధ్యయనం. నడక వల్ల బుర్ర చురుకైందా, చురుకైన ఇళ్ళలోని పిల్లలే నడుస్తున్నారా అన్నది అందులో తేలదు. 2014లో నెదర్లాండ్స్ వాళ్ళు దాదాపు 270 మంది పిల్లలకు కదలికలు కొలిచే పరికరాలు కట్టి చూశారు. అది సైకిళ్ళ దేశం, అయినా మొత్తం మీద మార్కులకీ సైకిల్‌కీ సంబంధం దొరకలేదు. ఒక్క ఏకాగ్రత పరీక్షలో మాత్రం, మళ్ళీ అమ్మాయిలకే, కాస్త మేలు కనిపించింది.

అందుకే నేను ఎవరికీ ర్యాంకు హామీ ఇవ్వను. అలాగని సైకిల్ తొక్కితే చదువు పాడవుతుందనడానికి కూడా ఈ రెండు అధ్యయనాల్లో ఆధారం లేదు. మా ఊళ్ళో ఎక్కువమంది భయపడేది మరి దానికే.

అపోహ: తొక్కుకుంటూ వచ్చినవాళ్ళు అలసిపోయి మొదటి పీరియడ్‌లోనే నిద్రపోతారు

డెన్మార్క్‌లో 2012లో దాదాపు 20 వేల మంది పిల్లల మీద పెద్ద ప్రయోగం చేశారు. నిజానికి వాళ్ళు తేల్చాలనుకున్నది టిఫిన్, మధ్యాహ్న భోజనం ఏకాగ్రతకు ఎంత పనికొస్తాయన్నది. పనిలో పనిగా బడికి ఎలా వచ్చావనీ అడిగారు. తీరా చూస్తే తిండి కంటే ప్రయాణమే ఎక్కువ తేడా చూపించింది. నడిచి, తొక్కి వచ్చినవాళ్ళ ఏకాగ్రత మెరుగ్గా ఉంది, ఆ ప్రభావం నాలుగు గంటల దాకా నిలిచిందని చెప్పారు. (ఇది చదివి ఇంట్లో టిఫిన్ మాన్పించకండి. ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయే పిల్లల్ని ఎత్తుకెళ్ళేది మేమే.) అమెరికాలోని ఇల్లినాయ్‌లో తొమ్మిది, పదేళ్ళ పిల్లల్ని 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసినప్పుడు కూడా, ఆ వెంటనే పెట్టిన ఏకాగ్రత పరీక్షలో, చదివి అర్థం చేసుకోవడంలో బాగా చేశారు. కాకపోతే అది ఇరవై మందితో చేసిన చిన్న ప్రయోగం.

ఏకాగ్రత అంటే ఇక్కడ పుస్తకంలోకి కళ్ళార్పకుండా చూడటం కాదు. ఉదయం లైన్లో నేను ఒక ఆట పెడతాను. నేను 'సావధాన్' అంటే వాళ్ళు విశ్రామ్‌లో నిలబడాలి, 'విశ్రామ్' అంటే సావధాన్‌లోకి రావాలి. ఏళ్ళ తరబడి అలవాటైన కాళ్ళు చెవిన పడ్డ మాటకే కదిలిపోతాయి. వాటిని ఆపి, రూల్ గుర్తు చేసుకుని, తిరగేసి చేయాలి. మొదటి వరసలో ఉన్న తొమ్మిదో తరగతి పిల్ల కుడికాలు సగం జరిపి గాల్లోనే ఆపేసింది చూడండి, పరిశోధకులు కొలిచేది ఆ ఆపడాన్నే. ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారు. నుదుటి వెనకుండే మెదడు భాగం చేసే పని అది. ఇరవై ఏళ్ళు దాటాక కూడా ఆ భాగం ఎదుగుతూనే ఉంటుంది. లెక్కలో తొందరపడి మైనస్ మింగేయకుండా పట్టుకునేది అదే.

మరి మొదటి పీరియడ్‌లో కునికేవాళ్ళు ఎవరంటారా? రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ చూసి, తెల్లారి అయిదింటికి స్టడీ అవర్‌కి లేచినవాళ్ళు. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆ వయసులో నిద్ర వచ్చే వేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది. ఆ నిందను సైకిల్ మీద వేయడం అన్యాయం.

అపోహ: పెద్దమనిషయ్యాక అమ్మాయిలు సైకిల్ తొక్కకూడదు

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఈ మాటకే. ఏడో తరగతి దాకా ఊరంతా తొక్కిన పిల్ల, ఎనిమిదికొచ్చేసరికి నాన్న బండి వెనక కూర్చుని వస్తుంది. అడిగితే "గర్భసంచి కదులుతుందట" అంటుంది వాళ్ళ నానమ్మ. కదలదు. నెలసరి రోజుల్లో తొక్కినా ఏమీ కాదు, నొప్పి లేకపోతే చాలు. ఇంకా లోపల దాచుకున్న భయం ఒకటుంటుంది, 'పెళ్ళప్పుడు ఏమనుకుంటారో' అని. తొక్కితే చిరుగుతుందని భయపడే ఆ సన్నటి పొరకీ (కన్నెపొర) ఆడపిల్ల నడవడికకీ సంబంధం లేదని ఏ డాక్టరమ్మ అయినా చెబుతుంది.

చిత్రమేమిటంటే, స్పెయిన్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ మేలు కనిపించింది అమ్మాయిల్లోనే. మనం మాన్పించేదీ వాళ్ళనే. అబ్బాయిలు సాయంత్రం ఎలాగూ గ్రౌండ్‌లో గెంతుతారు, అమ్మాయిలకు రోజు మొత్తంలో ఒళ్ళు కదిలేది ఆ దారిలోనే కాబట్టి తేడా వాళ్ళలో బయటపడుతోందని నా ఊహ. నా గ్రౌండ్‌లో రోజూ చూసేదైతే అదే.

తెలివి సంగతి పక్కన పెట్టండి, అసలు చదువే ఆగిపోకుండా ఉండటానికి సైకిల్ చేసిన మేలుకు గట్టి ఆధారం మన దేశంలోనే ఉంది. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి చూస్తే, హైస్కూల్లో అమ్మాయిల చేరికలు 32 శాతం పెరిగాయి. అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్ళలో లాభం ఎక్కువ. గుంపుగా సైకిళ్ళ మీద వెళ్ళే అమ్మాయిల్ని చూసి ఊరి మాటలు కూడా మారతాయి, అదీ చిన్న విషయం కాదు.

అపోహ: బస్సులో కూర్చుంటే ఆ టైమ్‌లో చదువుకోవచ్చు

కుదుపుల్లో, పాటల్లో, నలుగురు కూర్చునే సీట్లో ఆరుగురి మధ్య? ఒకసారి ఎక్కి చూడండి.

అపోహ: రోడ్డు బాగోలేదు కాబట్టి ఈ మాటలన్నీ మనకు పనికిరావు

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. హైదరాబాద్‌లో 45 బడుల్లో 11-14 ఏళ్ళ పిల్లల్ని అడిగి చేసిన సర్వే ఒకటి 2016లో వచ్చింది. అందులో 57 శాతం మంది నడిచి, 6 శాతం మంది సైకిల్ మీద బడికి వస్తున్నారు. అంటే ఇది ఎక్కడో విదేశాల అలవాటు కాదు, మన పిల్లలు చేస్తున్నదే. కానీ అదే సర్వేలో, గడిచిన ఏడాదిలో బడి దారిలో దెబ్బ తగిలిందని చెప్పినవాళ్ళు 17 శాతం. సైకిల్ మీద వచ్చేవాళ్ళకు ముప్పు ఇంకా ఎక్కువ.

గాలి సంగతీ ఉంది. బార్సిలోనాలో 7-10 ఏళ్ళ పిల్లలు నడిచే దారుల్ని లెక్కగట్టి చూశారు. పొగ, సన్నని ధూళి ఎక్కువున్న దారుల్లో నడిచేవాళ్ళలో వర్కింగ్ మెమరీ, అంటే విన్నది పట్టుకుని దాంతో పని చేసే శక్తి, ఎదిగే వేగం తగ్గింది. కాబట్టి నడవాలా వద్దా అనే కంటే ఏ దారిన నడవాలి అన్నదే అసలు ప్రశ్న. బైపాస్ పక్కన వచ్చే దారి అయిదు నిమిషాలు దగ్గరైనా, కాలవ గట్టు మీదుగానో ఊళ్ళోని సందుల్లోంచో రమ్మంటాను. హైవే దాటాల్సిన పిల్లల్ని అటువైపు దాకా పెద్దవాళ్ళే దించమంటాను, అక్కణ్ణుంచి నలుగురూ కలిసి నడుస్తారు. లారీలు తిరిగే రోడ్డు తప్ప వేరే దారి లేకపోతే మాత్రం బస్సే ఎక్కించండి. ఏ అధ్యయనమూ ప్రాణం కంటే ఎక్కువ కాదు.

అపోహ: సైకిల్ బదులు స్కూటీ ఇస్తే టైమ్ కలిసొస్తుంది

కలిసొచ్చేది కేసు. 18 నిండకుండా స్కూటీ నడిపి దొరికితే, 2019 సవరణ చట్టం ప్రకారం కన్నవాళ్ళకో బండి ఓనర్‌కో 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

అపోహ: బడికి నడిచొస్తున్నాడుగా, ఇక ఆటల పీరియడ్ ఎందుకు

ఈ అపోహ ఇళ్ళలో కాదు, స్టాఫ్ రూముల్లో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5-17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలంటోంది, అదీ ఆయాసం వచ్చేటంత చురుగ్గా. పావుగంట నడక అందులో నాలుగో వంతు. సంక్రాంతి దాటగానే పదో తరగతి టైమ్‌టేబుల్‌లో నా పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోతుంది. సిలబస్ టెన్షన్ నాకూ తెలుసు. అయినా ఏటా అడుగుతూనే ఉంటాను.

సైకిల్ ఇప్పటికే ఉన్నవాళ్ళకు రెండు మాటలు. బ్యాగు హ్యాండిల్‌కి తగిలించకండి, మలుపులో సైకిల్‌ని పక్కకు లాగేస్తుంది. వెనక క్యారియర్ మీద పెట్టి పాత ట్యూబ్ ముక్కతో బిగించండి. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలోనే ఉంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేలా తొక్కి, 'సైకిల్ అంటే కాళ్ళ నొప్పులు' అంటారు. పెడల్ కింద ఉన్నప్పుడు కాలు దాదాపు నిటారుగా ఉండేంత ఎత్తు పెట్టించండి. చున్నీ రెండు కొసలూ వెనక ముడేసి పిన్ను పెట్టాలి. పిల్లలు ఎదుగుతూ ఉంటారు కాబట్టి ఏటా దసరా సెలవుల్లో ఒకసారి షాపుకి తీసుకెళ్ళి సీటు లేపించి, బ్రేకులు బిగించి, చైన్‌కి నూనె వేయించండి.