గెంతడం, గుద్దుకోవడం, కొరకడం: సెన్సరీ సీకింగ్‌పై అపోహలు - వాస్తవాలు

సోఫా మీంచి దూకుతూనే ఉంటాడు. దారిన పోయేవాళ్లను గుద్దుకుంటూ వెళ్తాడు. చొక్కా కాలరు నమిలి నమిలి తడిపేస్తాడు. గోడలూ గ్రిల్సూ నాకుతాడు. ఎంతసేపు గిరగిరా తిరిగినా వాడికి కళ్లు తిరగవు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఆక్యుపేషనల్ థెరపిస్టునైన నా దగ్గరికి వచ్చినప్పుడు ముందుగా చెప్పేవి ఎక్కువగా ఇవే. శరీరం తనకు చాలని స్పర్శనో, కదలికనో, ఒత్తిడినో ఇలా వెతుక్కోవడాన్ని మేం సెన్సరీ సీకింగ్ అంటాం. దీని గురించి చుట్టాలు ఒకటి చెబుతారు, బడిలో ఇంకొకటి చెబుతారు, వాట్సాప్‌లో మరొకటి వస్తుంది. వాటిలో పిల్లలకు నష్టం చేసే మాటలను ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఇదంతా గారాబం. రెండు తగిలిస్తే దారికొస్తాడు.

వాస్తవం: మనకు ఐదు జ్ఞానేంద్రియాలని బడిలో చదువుకున్నాం. వాటితో పాటు శరీరంలో ఇంకా కొన్ని ఉన్నాయి. లోపలి చెవిలో ఉండే వ్యవస్థ తల ఎటు కదిలిందో, ఎంత వేగంగా కదిలిందో మెదడుకు చెబుతుంది. కండరాలు, కీళ్ల నుంచి వెళ్లే సమాచారం చేయి ఎక్కడుందో, ఎంత బలంగా పట్టుకుందో చెబుతుంది. కొందరు పిల్లల్లో ఈ సమాచారం మామూలు మోతాదులో అందితే మెదడు దాన్ని సరిగా పట్టించుకోదు. అందుకే వాళ్లు ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువగా కావాలని వెతుకుతారు. మానసిక, ఎదుగుదల సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్‌ఎం-5 2013లో వచ్చింది. అది ఆటిజం నిర్ధారణ లక్షణాల్లో ఇంద్రియ స్పందనల్లోని తేడాలను కూడా చేర్చింది.

దెబ్బ వేస్తే ఆ క్షణానికి ఆగుతాడు. అవసరం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి కాసేపట్లో మరో రూపంలో బయటపడుతుంది, చాలాసార్లు అంతకన్నా ప్రమాదకరమైన రూపంలో.

ఒక పాప సంగతి చెబుతాను. వాళ్లమ్మ పక్కన కూర్చుంటే చాలు, తన గడ్డాన్ని ఆమె ముంజేతికి ఆనించి పళ్లు బిగించి నొక్కేది. ఆ తల్లి రెండు చేతుల మీదా కమిలిన మచ్చలు. 'నా మీద కోపం, పగ తీర్చుకుంటోంది' అని ఇంట్లో అనుకున్నారు. పాప మొహం చూస్తే కోపం లేదు, కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. దవడ కీలు దగ్గర గట్టి ఒత్తిడి ఆ పాపకు కావాలి. లావుపాటి స్ట్రాతో చిక్కటి లస్సీ తాగించడం, నమలడానికి జంతికలూ క్యారెట్ ముక్కలూ ఇవ్వడం, సిలికాన్ చ్యూ ట్యూబ్ మెడలో వేయడం, తువ్వాలు మడిచి గడ్డం కింద పెట్టి తనే నొక్కుకోవడం నేర్పడం, ఇవీ మేం చేసినవి. అమ్మ చేయి దొరికితే ఇప్పటికీ నొక్కుతుంది. కానీ చేయి కాస్త దూరంగా జరిపి తువ్వాలు చూపిస్తే తీసుకుంటుంది.

(నమలకుండా మింగేసే పిల్లలకూ, నాలుగేళ్ల లోపు వాళ్లకూ ఇలాంటి గట్టి పదార్థాలు గొంతుకు అడ్డం పడతాయి. వీళ్లకు ఏది ఇవ్వవచ్చో మీ థెరపిస్టును అడిగాకే ఇవ్వండి.)

అపోహ: పిల్లాడు ఏం చేసినా సెన్సరీయే.

వాస్తవం: ఈ మాట ఈ మధ్య థెరపీ సెంటర్లలో కూడా వినిపిస్తోంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. సెన్సరీ అని పేరు పెట్టేశాక ఇక ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరు.

పిల్లలు కళ్లను వేళ్లతో గట్టిగా నొక్కుకుంటూ ఉంటే ముందు కంటి డాక్టరుకు చూపించాలి. పుట్టుకతో చూపు బాగా తక్కువున్న పిల్లల్లో ఈ అలవాటు కనిపిస్తుంది. టీవీ స్పీకరుకు చెవి ఆనించి వింటుంటే వినికిడి పరీక్ష చేయించాలి. మొన్నటిదాకా లేనిది ఉన్నట్టుండి తల గోడకు కొట్టుకోవడం మొదలైతే చెవి నొప్పి, పంటి నొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో చూడాలి. మాటలు రాని పిల్లలు నొప్పిని చెప్పే తీరు ఇదే కావచ్చు. ఆడుతూ ఆడుతూ కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, పిలిచినా పలకకపోతే మూర్ఛ కాదని తేల్చుకోవాలి.

బలపాలు, మట్టి, సున్నం, పచ్చి బియ్యం, పెయింటు పెచ్చులు తినే పిల్లలకు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించండి. ఇనుము లోపం ఉంటే ఇలాంటివి తినాలనిపిస్తుంది. పాత పెయింటు నోట్లోకి పోతుంటే రక్తంలో సీసం కూడా చూడమని పిల్లల డాక్టరును అడగండి. లోపం ఉన్న పిల్లాడికి చ్యూ ట్యూబ్ ఇచ్చి ఊరుకుంటే రోగం లోపల పెరుగుతూనే ఉంటుంది. బొమ్మల్లో ఉండే గుండ్రటి బ్యాటరీ గానీ, అయస్కాంతాలు గానీ మింగాడని అనుమానం వచ్చినా సరే, అది ఎమర్జెన్సీ, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

శారీరక కారణం లేదని తేలాక కూడా ప్రతిదీ ఇంద్రియాల అవసరమే అనుకోకూడదు. ఒక వారం పాటు చిన్న నోటు పుస్తకంలో మూడు సంగతులు రాయండి: దానికి ముందు ఏం జరుగుతోంది, పిల్లాడు ఏం చేశాడు, ఆ తర్వాత అతనికి ఏం దొరికింది. ఒంటరిగా ఉన్నా, ఎవరూ చూడకపోయినా, అమ్మ ఒళ్లో ఉన్నా అదే పని చేస్తుంటే అది శరీరం అడుగుతున్నదే కావచ్చు. హోంవర్కు పుస్తకం తీసినప్పుడే చేతులు కొరుక్కుంటే అది తప్పించుకోవడానికి. మీరు ఫోన్లో ఉన్నప్పుడే సోఫా ఎక్కి దూకితే మీ చూపు కోసం. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. నా అనుభవంలో మంచి నిర్ణయాలన్నీ ఆ నోటు పుస్తకంలోంచే వచ్చాయి.

అపోహ: బాగా గెంతించి, తిప్పి అలసిపోయేలా చేస్తే రాత్రి హాయిగా నిద్రపోతాడు.

వాస్తవం: అన్ని కదలికలూ ఒకేలా పనిచేయవు. గిరగిరా తిప్పడం, వేగంగా ఊపి ఆపడం, గాల్లోకి ఎగరేయడం చాలామంది పిల్లల్లో హుషారును పెంచుతాయి. తొమ్మిదింటికి నాన్న ఆఫీసు నుంచి వచ్చి ప్రేమకొద్దీ గాల్లోకి ఎగరేసి ఆడిస్తే, పదకొండింటికి కూడా పిల్లాడు మంచం మీద గెంతుతూనే ఉంటాడు. కండరాలకూ కీళ్లకూ పని పెట్టే తోయడం, లాగడం, మోయడం, నొక్కడం చాలామందిని నిమ్మళంగా ఉంచుతాయి. వీటిని మేం హెవీ వర్క్ అంటాం.

దీనికి మన ఇళ్లలో లేని వస్తువంటూ లేదు. చపాతీ పిండి పిసకడం, తడి బట్టలు పిండడం, పప్పుల డబ్బాలు ఒక అరలోంచి ఇంకో అరలోకి సర్దడం, కూరగాయల సంచి మేడ మీదికి మోయడం, మొక్కలకు చిన్న బకెట్‌తో నీళ్లు పోయడం, డైనింగ్ కుర్చీలను తోసుకుంటూ వెళ్లి గోడ పక్కన పెట్టడం. తువ్వాలు చెరో కొసా పట్టుకుని లాగే ఆట. దుప్పటిలో చుట్టి, తల బయటికి ఉంచి, 'ఇంకా గట్టిగానా, చాలా?' అని అడుగుతూ దిండుతో నొక్కడం. వద్దన్న క్షణంలో వదిలేయాలి, బలవంతం ఇక్కడ అస్సలు పనికిరాదు. చీర ఉయ్యాల కూడా మంచిదే, నెమ్మదిగా ఒకే దిశలో ముందుకూ వెనక్కూ ఊపితే.

ఉయ్యాల ఊపినప్పుడు మొహం పాలిపోయినా, చెమటలు పట్టినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే ఆపాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ ఎముకలు వదులుగా ఉంటాయి కాబట్టి ట్రాంపోలిన్, పల్టీలు డాక్టరును అడగకుండా వద్దు. మూర్ఛలున్న పిల్లల విషయంలోనూ తిప్పే ఆటలకు ముందు న్యూరాలజిస్టు మాట తీసుకోండి.

అపోహ: గొడవ చేసినప్పుడు ఉయ్యాల ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇవ్వాల్సింది గొడవ చేశాక కాదు, అంతకు ముందు. అరిచిన ప్రతిసారీ ఉయ్యాల దొరికితే, అరిస్తే ఉయ్యాల వస్తుందని పిల్లాడు నేర్చుకుంటాడు. ఆకలేసి ఏడ్చేదాకా ఆగి అన్నం పెట్టం కదా, వేళకు పెడతాం. ఇదీ అంతే.

వేళ ఎలా తెలుస్తుంది? మళ్లీ ఆ నోటు పుస్తకమే. బడి నుంచి వచ్చాక నాలుగున్నరకు గుద్దుకోవడం మొదలవుతుందని కనిపిస్తే, నాలుగింటికే పైన చెప్పిన హెవీ వర్క్ పెట్టాలి. సాధారణంగా గంటన్నర, రెండు గంటలకోసారి పది నిమిషాల చొప్పున మొదలుపెట్టి, పిల్లాడి తీరును బట్టి మార్చుకుంటూ పోతాం. స్నానానికి ముందు, బడికి బయల్దేరే ముందు, పెళ్లికో గుడికో వెళ్లే ముందు తప్పనిసరిగా.

తన ఒంటికి ఏం కావాలో పిల్లాడే అడగడం కూడా దీంతోపాటే నేర్పాలి. మాటలు రాకపోతే ఉయ్యాల బొమ్మ, దిండు బొమ్మ కార్డుల మీద అతికించి ఫ్రిజ్ తలుపుకు పెట్టండి. కార్డు తెచ్చి చేతికిచ్చినప్పుడు ఆలస్యం చేయకుండా ఇచ్చేయండి. మొదట్లో రోజుకు ముప్ఫైసార్లు తెచ్చినా విసుక్కోవద్దు. అరవకుండా అడగడం నేర్చుకుంటున్నాడు.

అపోహ: సెన్సరీ రూమూ, బరువు దుప్పటీ (లోపల బరువు నింపి కుట్టిన దుప్పటి), ఖరీదైన పరికరాలూ ఉంటేనే ఫలితం.

వాస్తవం: ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు ఎలా కలుపుకుని వాడుకుంటుందో చెప్పే సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతాన్ని రూపొందించిన జీన్ ఏయర్స్ అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు. నేను రోజూ చేసే పనికి పునాది ఆమెదే. అయినా దీనికి ఉన్న ఆధారాలు ఎంతవరకో తల్లిదండ్రులకు చెప్పడం నా బాధ్యత. 2014లో అమెరికాలో 32 మంది ఆటిజం పిల్లలతో జరిగిన ట్రయల్‌లో, ఆ సిద్ధాంతం మీద ఆధారపడ్డ థెరపీ తీసుకున్నవాళ్లు ఇంటివాళ్లు పెట్టుకున్న లక్ష్యాలను మెరుగ్గా అందుకున్నారు. బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో జరిగి 2022లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో మాత్రం మామూలు సేవలు పొందిన పిల్లలకూ ఈ థెరపీ తీసుకున్న పిల్లలకూ ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బరువు దుప్పట్ల మీద బ్రిటన్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం పిల్లల నిద్ర సమయం పెరగలేదు. పిల్లలకు ఆ దుప్పటి నచ్చడం మాత్రం నిజం. పసిపిల్లలకూ, తనంతట తాను తీసేసుకోలేని పిల్లలకూ అది ప్రాణాపాయం, వాడకండి.

అందుకే నా సలహా ఇది. ఏ థెరపీ మొదలుపెట్టినా ముందే ఒకటి రెండు లక్ష్యాలు కాగితం మీద రాయించుకోండి: 'పది నిమిషాలు కూర్చుని అన్నం తినాలి', 'చెల్లిని కొరకడం రోజుకు ఒకసారికి తగ్గాలి', ఇలా ఇంట్లో మీ కళ్లకు కనిపించేవి. రెండు మూడు నెలలైనా అవి కదలకపోతే, సెంటర్లో ఉయ్యాల మీద ఎంత నవ్వుతున్నా సరే, పద్ధతి మార్చమని అడగండి. అడిగినందుకు నొచ్చుకునే థెరపిస్టు దగ్గర నెలల తరబడి డబ్బు పోయకండి.

డబ్బు లేకపోతే దారులున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ (పిల్లల్లో సమస్యలను ముందే గుర్తించి చికిత్స చేసే) కేంద్రాలు, ప్రభుత్వ బడుల పరిధిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో విచారించండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చుకూ కొంత భాగం ఉంటుంది.

అపోహ: క్లాసులో కదలకుండా కూర్చుంటేనే చదువు ఎక్కుతుంది.

వాస్తవం: చాలామంది సెన్సరీ సీకింగ్ పిల్లలకు కదిలితేనే చెవులు పనిచేస్తాయి. నోటు పుస్తకాలు స్టాఫ్ రూముకు మోసుకెళ్లే పని, బోర్డు తుడిచే పని, బెంచీ కాళ్లకు కట్టిన సాగే రబ్బరు పట్టీని పాదాలతో తన్నుకుంటూ వినడం, వెనక వరుసలో నిలబడి రాసుకునే వీలు. వీటిలో దేనికీ బడికి పెద్ద ఖర్చు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం పిల్లాడి అవసరానికి తగ్గ ఇలాంటి సర్దుబాట్లు అడగడం మీ హక్కు. టీచరు దగ్గర వేడుకోవాల్సిన పని లేదు. అయితే ఆవిడ క్లాసులో యాభై మంది ఉంటారు కాబట్టి, ఒకేసారి పది అడక్కుండా ఒక్కటి అడిగి అది కుదిరాక రెండోది అడగండి.

అపోహ: పెద్దయితే అదే పోతుంది.

వాస్తవం: కొందరిలో తగ్గుతుంది, కొందరిలో రూపం మారుతుంది. పిల్లాడితో పాటు పెరిగేది చుట్టూ ఉన్నవాళ్ల భయం. నాలుగేళ్ల బాబు పట్టుచీర అంచు పట్టుకుని చెంపకు రుద్దుకుంటే అందరూ ముద్దు చేస్తారు. పద్నాలుగేళ్ల అబ్బాయి లిఫ్టులో తెలియని ఆవిడ కొంగు పట్టుకుంటే పోలీసు కంప్లయింటు అవుతుంది. వాడి చేతికి కావాల్సింది అప్పుడూ ఇప్పుడూ ఆ జరీ స్పర్శే.

అందుకని ఐదారేళ్లప్పుడే మార్చడం మొదలుపెట్టండి. ఆ పాత చీర అంచులోంచి అరచేయంత ముక్క కత్తిరించి, అంచులు కుట్టించి జేబులో పెట్టండి. చీర మీదికి చేయి వెళ్లిన ప్రతిసారీ మాటలు పెంచకుండా జేబు చూపించండి. గట్టిగా వాటేసుకునే పిల్లలకు అమ్మ, నాన్న, అమ్మమ్మ లాంటి ఇంటి మనుషులెవరో, నమస్కారం పెట్టాల్సినవాళ్లెవరో ఫొటోలు పెట్టి నేర్పండి. తన శరీరాన్ని తాకుకునే అలవాటు ఉంటే తిట్టకుండా, గది తలుపు వేసుకుని మాత్రమే అని చెప్పండి. చుట్టాలకు కూడా ముందే చెప్పి ఉంచాలి. 'చిన్నపిల్లాడే కదా, ఏం కాదులే' అని పిన్నిగారు దగ్గరికి తీసుకుంటే మీరు నెలల తరబడి నేర్పింది వాడికి అయోమయం అవుతుంది. పరిగెత్తుకొచ్చేలోపే రెండు చేతులూ జోడించి నిలబడమని, వాడూ జోడించాక మెచ్చుకోమని ఆవిడకు ఫోన్ చేసి చెప్పాకే ఇంటికి పిలవండి.