కారుకు ఇల్లు కట్టుకుని సముద్రం అంచున

హనుమకొండ,
కార్తీక మాసం

పిల్లలూ,

దసరాకు ఊరికి వచ్చినప్పుడు నా ఫోన్‌లో ఆస్ట్రేలియా ప్రయాణం ఫోటోలు చూసి మీరంతా ఒక్కసారే మీద పడ్డారు. రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేలోపు నర్సంపేట బస్సు వచ్చేసింది. మిగతావి ఉత్తరంలో రాస్తానని ఎక్కేశాను. చాలామంది తిమింగలం గురించి అడిగారు. స్నానం ఎక్కడ చేశారు తాతా అని ఇద్దరు అడిగి నవ్వుకున్నారు. మీలో అందరికంటే చిన్నది, మూడో తరగతి పిల్ల, ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, చిన్నది చేసి, "ఇందులో చెట్లేవి?" అంది. ముప్పై ఏళ్లు చెరువు కట్టల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా తిరిగినవాణ్ని. అలాంటి ప్రశ్న అడిగితే ఊరుకుంటానా? ఉత్తరం పొడుగైతే తప్పు ఆ పిల్లదే.

ముందు ఎక్కడికి పోయామో చెప్తాను. మా అబ్బాయి ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో ఉంటాడు. మనకు ఆషాఢ బోనాలు నడిచే జూలైలో వాళ్లకు చలికాలం, బడికి సెలవులు. అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలు, నేను, మీ అవ్వ, మొత్తం ఆరుగురం కారు వెనక కారవాన్ కట్టుకుని పోయాం. బడిలో ఆస్ట్రేలియా పటం ఉంటే తీయండి. కింది వైపు తీరం విల్లులా లోపలికి వంగి ఉంటుంది. దాన్ని గ్రేట్ ఆస్ట్రేలియన్ బైట్ అంటారు. ఆ వంపు వెంట తూర్పు నుంచి పడమరకు పోయే రోడ్డు ఐర్ హైవే. పోర్ట్ అగస్టా నుంచి నార్స్‌మన్ దాకా దాదాపు 1,660 కిలోమీటర్లు. మేం సగం దాటి, యూక్లా అనే చిన్న ఊరి దాకా పోయి వెనక్కి తిరిగాం.

కారవాన్ అనగానే మీలో ఒకడు సినిమా హీరోల బస్సు అనుకున్నాడు. అది కాదు. దీనికి ఇంజనే ఉండదు. చక్రాల మీద నిలబెట్టిన డబ్బా ఇల్లు. మంచాలు, పొయ్యి, చిన్న ఫ్రిజ్, కింద నీళ్ల ట్యాంకులు. కారు వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. కారవాన్ ముక్కును ఆ గుండు మీద బోర్లించి తాళం వేస్తారు. ఇక కారు ఎటు పోతే ఇల్లు అటు. కానీ నడిచేటప్పుడు అందులో ఎవరూ కూర్చోకూడదు, అక్కడి చట్టం ఒప్పుకోదు. పడుకుని కిటికీలోంచి సముద్రం చూస్తూ పోవచ్చని నేనూ ఆశపడ్డాను. కారు వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని పోయాను.

నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నా పదో ఏట మేడారం జాతరకు ఎడ్లబండి కట్టుకుని పోయాం. బండి మీద గూడు, కింద వరిగడ్డి, పక్కన గంజులు, మూటలు, ఒక కోడి. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఎడ్లను విప్పి మూడు రాళ్ల పొయ్యి పెట్టేవాళ్లు. మరి అది కారవాన్ కాక ఏంటి?

సామాన్లు సర్దే పద్ధతి కూడా అదే. బండిలో బరువంతా వెనక వేస్తే నొగలు పైకి లేచి కాడి ఎడ్ల గొంతుకు బిగుస్తుంది. అంతా ముందు వేస్తే మెడలు వంగిపోతాయి. అందుకే మా నాయన బియ్యం మూట సరిగ్గా ఇరుసు మీద పెట్టించేవాడు. కారవాన్‌కూ బరువైనవి ఇరుసు మీదే పెట్టాలి. మొత్తం బరువులో పదో వంతు దాకా ముందున్న గుండు మీద పడాలి. వెనక బరువెక్కితే, వేగంలో కారవాన్ తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ముదిరితే కారునూ పడేస్తుంది. అబ్బాయి ఇదంతా ఇంటర్నెట్‌లో చదివి ఇంగ్లిష్‌లో నాకు నేర్పబోయాడు. నొగలు లేస్తాయి, అంతే కదరా అన్నాను.

బరువు సరిగ్గానే సర్దాం. అల్మారా గొళ్లెం మాత్రం మొదటి రోజే మర్చిపోయాం. సాయంత్రం తలుపు తీస్తే కోడలు పెట్టిన మామిడికాయ తొక్కు సీసా పగిలి, నూనె మంచాల కిందికి పోయింది. తిరిగొచ్చేదాకా ఆ ఇల్లంతా ఆవపిండి వాసనే. ఆ గొళ్లెం చూసే డ్యూటీ నాది. అందుకే ఈ విషయం ఇంతటితో ఆపుతున్నాను.

సెడూనా అనే ఊరు దాటాక ఊళ్లు దాదాపు అయిపోతాయి. రోడ్‌హౌస్‌లు అని ఉంటాయి: ఒక పెట్రోల్ బంకు, ఒక హోటల్, నాలుగు గదులు, అంతే. నల్లర్‌బార్ రోడ్‌హౌస్ నుంచి రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న తర్వాతి బంకుకు దాదాపు 185 కిలోమీటర్లు. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయి, మళ్లీ వెనక్కి భువనగిరి దాకా వస్తే ఎంతో అంత దూరం. మధ్యలో ఒక్క ఇల్లు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. ఎదురుగాలి వీస్తే కారవాన్ లాగే కారు డీజిల్‌ను మామూలు కంటే చాలా ఎక్కువ తాగుతుంది. అందుకని కనిపించిన ప్రతి బంకులో నింపుకోవాలి. ఇంకో నలభై పోదాంలే అనుకోకూడదు.

రోడ్డు మీద మాకు తోడు రోడ్ ట్రైన్లు. ఒక లారీకి రెండు పెద్ద ట్రాలీలు తగిలించి ఉంటాయి. పొడవు 36 మీటర్ల పైనే, మన ఆర్టీసీ బస్సులు మూడు వరుసగా నిలబెట్టినంత. అది పక్క నుంచి దాటేటప్పుడు ముందు గాలి మనల్ని బయటికి తోస్తుంది, వెంటనే లోపలికి లాగుతుంది. మొదటిసారి అవ్వ సమ్మక్క సారలమ్మలను ఇద్దరినీ పిలిచింది. లారీ డ్రైవర్లు రేడియోలో 40వ నంబర్ చానల్ మీద మాట్లాడుకుంటారు. అబ్బాయి దగ్గరా ఒక వాకీటాకీ ఉంది. "మేం వేగం తగ్గిస్తున్నాం, మీరు దాటండి" అని చెప్తే, అవతలి నుంచి ఒక బొంగురు గొంతు థ్యాంక్స్ చెప్పేది.

పొద్దుగూకాక మాత్రం బండి నడపలేదు, జంతువులు అడ్డం వస్తాయి. పసుపు పచ్చ బోర్డు మీద మూడు జంతువుల బొమ్మలు ఉంటాయి: ఒంటె, వాంబాట్, కంగారూ. వాంబాట్ అంటే పందిపిల్లంత లావుగా, ఎలుగుపిల్లలా ఉండే జంతువు, నేలలో బొరియ తవ్వుకుంటుంది. ఒంటె అక్కడిది కాదు. రైళ్లు, లారీలు లేని రోజుల్లో ఎడారి దాటడానికి 1860 నుంచి కరాచీ లాంటి రేవుల మీదుగా ఓడల్లో తెచ్చారు, వాటిని నడిపే మనుషులతో సహా. లారీలొచ్చాక వదిలేశారు. అవి అడవిలో పెరిగిపోయాయి.

ఇప్పుడు చెట్ల సంగతి.

నల్లర్‌బార్ అనే పేరే లాటిన్ భాషలో 'చెట్టు లేదు' అనే మాటల నుంచి వచ్చింది. రోడ్డు పొడుగునా చెట్లే లేవనుకోకండి, చాలా దూరం గిడసబారిన చెట్లు ఉంటాయి. ఆ రోడ్‌హౌస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నీ ఆగిపోతాయి. మోకాలెత్తు బూడిదరంగు పొదలు, మీద ఆకాశం. కారు ఆపి దిగి చుట్టూ తిరిగి చూశాను. మన పొలంలో నిలబడితే ఎటు చూసినా ఒక తాడిచెట్టో, గుట్టో కంటికి తగులుతుంది. అక్కడ చూపు ఎక్కడా ఆగలేదు.

వాన తక్కువ, నిజమే. ఏడాదికి 200, 250 మిల్లీమీటర్ల దగ్గర. కానీ అసలు సంగతి కింద ఉంది. ఆ నేలంతా ఒకే సున్నపురాయి పలక. దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణ కంటే చాలా పెద్దది. ఒకప్పుడు అది సముద్రం అడుగు. కోట్ల ఏళ్లపాటు గవ్వలు, చిన్న చిన్న ప్రాణుల పెంకులు పేరుకుని రాయి అయింది, తర్వాత పైకి తేలింది.

సున్నపురాయికి ఒక గుణం ఉంది. వాన చుక్క గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది. పగులు వెడల్పవుతుంది, బొక్క అవుతుంది, చివరికి గుహ అవుతుంది. పడిన నీళ్లు పడినట్టే కిందికి దిగిపోతాయి. అందుకే అంత నేలలో ఒక్క వాగు లేదు. కింద గుహల్లో నీళ్లున్నా చాలాచోట్ల ఉప్పుగానే ఉంటాయి. నమ్మకపోతే మీ ఇంట్లో పాత షాబాదు బండ ముక్క ఉంటే దాని మీద నిమ్మరసం వేసి చూడండి. అదీ సున్నపురాయే. నునుపు పోయి మచ్చ పడుతుంది. అదే రసం గుట్ట రాయి మీద వేయండి, ఏమీ కాదు. బయట చేయండి, వంటింట్లో చేసి నా పేరు చెప్పొద్దు.

మన దగ్గర ఉన్నది ఆ గుట్ట రాయే. హనుమకొండ పద్మాక్షి గుట్ట, మన ఊరి బోడు, అన్నీ గ్రానైటు. పగుళ్లలో తప్ప నీటిని లోపలికి పోనివ్వదు. అందుకే కాకతీయులు ఇక్కడ కట్టలు పోసి చెరువులు నిలబెట్టగలిగారు. ఎనిమిది వందల ఏళ్లయింది, ఇంకా నిలుస్తున్నాయి. గణపతిదేవుడు ఎంత గొప్పవాడైనా నల్లర్‌బార్‌లో చెరువు కట్టలేడు. కట్ట నిలుస్తుంది, నీళ్లు నిలవవు. ఇన్నేళ్లు కట్టల గురించే ఆలోచించాను కానీ, కట్ట కింద ఉన్న రాయిని పట్టించుకోలేదు. అక్కడ నిలబడ్డాకే ఆ రాయి విలువ తెలిసింది.

అయినా అక్కడ మనుషులు లేకుండా లేరు. ఆ తీరం మిర్నింగ్ అనే ఆదివాసులది. రాతి గుంటల్లో వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఇసుక దిబ్బల వెనక ఎక్కడ తవ్వితే ఊట వస్తుందో వాళ్లకు తెలుసు. 1841లో ఆ దారి దాటిన ఎడ్వర్డ్ ఐర్ అనే ఇంగ్లిష్ ఆయన పేరే రోడ్డుకు పెట్టారు. ఆయనకు దిబ్బల్లో ఊటలు చూపించింది ఆ ఆదివాసులే. ఊట దొరకని చోట ఆయన తెల్లవారుజామున ఆకుల మీది మంచును స్పాంజితో అద్ది పిండుకుని తాగాడు. చివరిదాకా ఆయనతో నడిచింది వైలీ అనే ఆదివాసీ యువకుడు. రోడ్డుకు ఆ పేరు పెట్టలేదు.

మా స్నానాల సంగతి ఇప్పుడు అర్థమై ఉంటుంది. రోడ్‌హౌస్‌లలో మంచినీళ్లు ట్యాంకు నింపుకునేంత దొరకవు. ఆరుగురికి ఉన్నదే సర్దుకోవాలి. అవ్వ బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలిచేది. స్నానం అంటే తడి తువ్వాల. నవ్వండి.

ఇక సముద్రం. నేను మొదట సముద్రం చూసింది బాపట్ల దగ్గర సూర్యలంకలో. మెత్తటి ఇసుక, అలలు కాళ్ల దాకా వచ్చి పోతాయి. సముద్రం అంటే అంతే అనుకున్నాను. ఇక్కడ ఒడ్డు అనేదే లేదు. బల్లపరుపు నేల మీద నడుస్తూ పోతుంటే నేల అయిపోతుంది. జున్నుగడ్డను కత్తితో కోసినట్టు నిలువుగా తెగి ఉంటుంది. బుండా క్లిఫ్స్ అంటారు. 60 నుంచి 120 మీటర్ల ఎత్తు, అంటే ఇరవై నుంచి నలభై అంతస్తులు. కింద తెల్లటి పొర, పైన గోధుమరంగు పొర. అలలు కొట్టే చప్పుడు పైదాకా వస్తుంది. అటువైపు అంటార్కిటికా దాకా మళ్లీ నేల లేదు. అంచు కింద అలలు తొలిచి డొల్ల చేసి ఉంటాయి, పైన నిలబడ్డవాడికి తెలియదు. అందుకని మనవలిద్దరి చేతులూ పట్టుకుని దూరం నుంచే చూపించాను. సెల్ఫీ కోసం అంచుదాకా పోయినవాళ్లనూ చూశాను. వాళ్ల ధైర్యం నాకు నచ్చలేదు.

మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం గురించి పెద్ద తరగతి పిల్లలు చదివే ఉంటారు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు, నేను సుంకం మాత్రమే తీసుకుంటాను అని వర్తకులకు మాటిచ్చాడు. బుండా క్లిఫ్స్ గోడను చూస్తూ అదే అనుకున్నాను: ఇక్కడికి కొట్టుకొచ్చిన ఓడకు ఏ రాజు మాత్రం ఏం అభయం ఇస్తాడు?

తిమింగలాలను హెడ్ ఆఫ్ బైట్ అనే చోట చూశాం. అక్కడ చెక్క వంతెనలు కట్టారు. మే నుంచి అక్టోబర్ దాకా దక్షిణ సముద్రం నుంచి తల్లులు పిల్లలను కనడానికి వస్తాయి. పుట్టిన పిల్లే ఆటో రెండింతల పొడవుంటుంది. తల్లి నల్లటి తెప్పలా కదలకుండా ఉంటే పిల్ల దాని వీపు మీదికి ఎక్కి జారుతోంది. గంటన్నర చూశాం. మనవడు ఫోన్ అడగలేదు.

సరిహద్దు దగ్గర తనిఖీ ఉంటుంది. పడమటి రాష్ట్రంలోకి పండ్లు, కూరగాయలు, తేనె రానివ్వరు. పండులోపల ఈగ గుడ్లు ఉండొచ్చు, తేనెతో తేనెటీగల జబ్బులు రావొచ్చు. అందుకని ముందురోజు రాత్రి అవ్వ మిగిలిన వంకాయలు, టమాటలు, ఆలుగడ్డలు అన్నీ ఒకే గంజులో వండేసింది. కరివేపాకు మర్చిపోయింది. తనిఖీ చేసే అమ్మాయి మర్యాదగా అడిగి తీసుకుంది. సకినాల డబ్బా తెరిచి ఇదేంటని అడిగితే, అవ్వ తెలుగులోనే చెప్పి ఒకటి చేతిలో పెట్టింది. డ్యూటీలో తినకూడదట.

యూక్లాలో గడియారం వేరు. తూర్పు రాష్ట్రం కంటే 45 నిమిషాలు వెనక, పడమటి రాష్ట్రం రాజధాని పెర్త్ కంటే 45 నిమిషాలు ముందు. అక్కడ 1877లో తెరిచిన టెలిగ్రాఫ్ ఆఫీసు గోడలు ఇసుకలో సగం కూరుకుపోయి ఉన్నాయి. కుందేళ్లు దిబ్బల మీది గడ్డి తినేశాక ఇసుక కదిలి ఆఫీసు మీదికి వచ్చింది. ఒకప్పుడు ఆ ఖండంలో ఈ చివరి కబురు ఆ చివరికి ఆ గోడల మధ్య నుంచే పోయేది. ఇప్పుడు అక్కడ నా ఫోన్ మోగలేదు.

తిరుగుదారిలో మళ్లీ సెడూనా చేరాక సిగ్నల్ వచ్చింది. అవ్వ వేడినీళ్ల గదిలోకి పోయి అరగంట బయటికి రాలేదు. నేను మన ఊరికి ఫోన్ చేసి చెరువు మత్తడి పోసిందా అని అడిగాను. మా తమ్ముడు నవ్వి, "ఇప్పుడే కదనే వానలు మొదలైనయి, తూము దగ్గరికి కూడా రాలేదు" అన్నాడు.

నిమ్మరసం పరీక్ష ఎవరు చేశారో పేరు రాసి పంపండి. షాబాదు ముక్క దొరక్కపోతే సంక్రాంతికి నేనే తెస్తాను.

మీ తాత